సొరబుర్రలో నీళ్లు

ఆయన మంచివాడో మొండివాడో నేటికీ తేల్చుకోలేను. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, మా బడి వెనక బీడులో గొర్లు కాసేవాడు. చంకలో ఎప్పుడూ ఎండిన సొరబుర్ర ఉండేది. ప్లాస్టిక్ సీసా ఇస్తే నాకే తిరిగి ఇచ్చేశాడు. బుర్రలో నీళ్లే చల్లగా ఉంటాయట.

ఒకనాడు బడిలో పిల్లలకు చెప్పిన పాఠమే ఆయనకూ చెప్పాను. వెనకటికి పాలినేసియన్లనే దీవులవాళ్లు కొత్త నేలలు వెతుక్కుంటూ పడవల్లో పోయేటప్పుడు తిండికి చేమదుంపలు, గాయాలకు పసుపు, తాగునీళ్లకు సొరబుర్రలు తీసుకుపోయేవాళ్లని.

"సముద్రంలో నీళ్లకేం కరువు సారూ?"

"అవి ఉప్పునీళ్లు తాతా."

"అట్లయితే మా ఊరి బోరే గదా!" అని నవ్వాడు.

ఆ వారమే ఆయన గొర్లు పక్క చేలోని పత్తి మేశాయి. రైతు కట్టె తీసుకుని పరుగెత్తుకొచ్చాడు. "ముసలోడా, నా పంటంతా మేపితివి గదరా!" అంటూ వీపు మీద, మోకాళ్ల మీద, నెత్తి మీద బాదాడు. తడిబట్ట బండకేసి ఉతికినట్టు చప్పుడు. నేను బడి గోడ దూకి అడ్డం పోతే నన్నూ తోసి పడేశాడు. నెత్తి పగిలి, నెత్తురు కళ్లలోకి కారుతున్నా తాత తలకు చేతులు అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులతో బుర్రను పొట్టకు అదుముకుని, దాని మీదికి వంగిపోయాడు.

కొట్టి కొట్టి రైతుకే ఆయాసం వచ్చింది. ఎండలో కట్టె మీద ఆనుకుని రొప్పుతున్నాడు. తాత మెల్లగా లేచి, బిరడా తీసి, బుర్రను అతని ముందుకు చాపాడు.

"తాగప్పా," అన్నాడు నెత్తురు ఉమ్మేసి. "తాగినాక మళ్లా కొడుదువు గాని."