ఎడమ పక్క మేనమామ

డోన్ పాతబజారులో నాగరత్నమ్మ శుభలేఖల అంగడికి ఒక పేరుంది. ఆ అంగడి కార్డుతో జరిగిన పెండ్లిలో కొట్లాట రాదని చుట్టుపక్కల పల్లెల నమ్మకం. బోర్డు మీద మాత్రం ‘పెద్దసుబ్బయ్య అండ్ సన్స్’ అని ఆమె మామగారి పేరే ఉంటుంది. ఆ సన్స్‌లో ఒకడైన ఆమె మొగుడు ఉల్లిగడ్డల లారీల వెంట తిరుగుతూ, క్యారియర్ విప్పే వేళకు మాత్రం తప్పకుండా అంగట్లో ఉంటాడు.

కార్డు అచ్చువేయడం ఎవరికైనా వస్తుంది. పేర్లు వరసలో పెట్టడమే రాదు. చిన్నాన్న పేరు పైన పడి పెదనాన్న పేరు కిందికి జారిందంటే ఆ పెద్దమనిషి పెండ్లికి రాడు. వచ్చినా పందిట్లో మూతి ముడుచుకుని కూర్చుని, పప్పులో ఉప్పు లేదని రచ్చ చేస్తాడు. ఏ బావకు యాడ కాలుతుందో, ఎవరికి ఉత్త ‘శ్రీ’ చాలదో నాగరత్నమ్మకు కొట్టినపిండి. కంప్యూటరు ఆమెకు నాలుగేళ్ళ కిందట వచ్చింది గానీ, ఈ విద్య కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఉన్నదే.

ఆమెకో నియమం ఉంది. ఏ ఇంటి పేర్లు ఆ ఇంటి ఫ్లాపీలోనే ఉండాలి, మిషన్‌లో మిగలకూడదు. ఆలూరు వాళ్ళనూ కోడుమూరు వాళ్ళనూ ఒకే డబ్బాలో పెడితే రాత్రికి రాత్రి ఏం జరుగుతుందోనని ఆమె భయం. నవ్వినవాళ్ళను నవ్వనిచ్చింది, నియమం మాత్రం మార్చుకోలేదు.

2003 శ్రావణంలో ఆ నియమమే ఆమె మెడకు చుట్టుకుంది. పత్తికొండ పక్క పల్లె రైతు బసవన్న తన కూతురు శివకుమారి పెండ్లికి కార్డు వేయించుకుంటున్నాడు. చిక్కంతా బసవన్న బావమరుదులతోనే. పెద్దవాడు గోపన్న, చిన్నవాడు వీరేషు. పొలం గట్టు మీది తుమ్మచెట్టు ఎవరిదనే తగాదాతో అన్నదమ్ములకు మాటల్లేక ఏళ్ళయింది. చెట్టు ఎండి పొయ్యిలోకి పోయింది గానీ తగాదా పచ్చగానే ఉంది. మేనమామల్లో ముందు తన పేరే ఉండాలని గోపన్న పట్టు, పెద్దవాణ్ణి కాబట్టి. పిల్లను గంపలో ఎత్తుకొచ్చేది నేనైతే నా పేరు కింద ఎట్ల పడుతుందని వీరేషు. నాగరత్నమ్మ ఇద్దరినీ ఒకే గీత మీదికి తెచ్చింది. అప్పుడు ఎడమ ఎవరు, కుడి ఎవరు అని మొదలైంది. బసవన్న డోన్‌కూ పల్లెకూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీసి, చివరికి ఎట్లో ఇద్దరి చేతా ఊ అనిపించాడు. పాత చిత్తు కాగితాలు ఎవరి కంటా పడకుండా పొయ్యిలో వేశాడు. ఒప్పందం ఇక ఫ్లాపీలోనే ఉంది.

అచ్చుకు తీసే రోజు బసవన్న, అతని పెండ్లాం గిడ్డమ్మ వచ్చారు. చివరి నిమిషంలో పేర్లు మారుస్తారేమోనని బావమరుదులిద్దరూ కాపలాకు వచ్చి, బెంచీకి ఆ కొసన ఒకరు ఈ కొసన ఒకరు కూర్చున్నారు. నాగరత్నమ్మ ఫ్లాపీ తోసింది. ఫ్లాపీని చదివే డ్రైవ్ గరగరమని గొంతు సవరించుకుంది. ఫ్లాపీ ఫార్మాట్ అయి లేదు, ఇప్పుడు చేయమంటావా అని తెర మీద ప్రశ్న వచ్చింది.

“ఏమడుగుతాండాది అక్కా?” అన్నాడు బసవన్న.

“అంతా తుడిచేద్దునా అని అడుగుతాండాది.”

“అంత మర్యాదగా అడుగుతాండాది గదా, ఊ అనరాదా?”

“ఊ అంటే నీ బావమరుదులు ఇద్దరూ పోతారప్పా!”

బసవన్న ఒక క్షణం ఆలోచించినట్టే కనిపించాడు. గిడ్డమ్మ చూసిన చూపుకు తల దించుకున్నాడు.

వరస గుర్తుంటే మళ్ళీ కొట్టవచ్చని నాగరత్నమ్మ అడిగి చూసింది. ఎడమ నాదే అని గోపన్న, ఎడమ నాదే అని వీరేషు, ఇద్దరూ గోడకు చెప్పినట్టు చెప్పారు. బసవన్నకు తిరిగి తిరిగి ఎడమా కుడీ కలిసిపోయాయి. ఆమెకూ సరిగ్గా గుర్తులేదు. ఎన్నిసార్లు మార్చిందో ఏమో. ఇన్నేళ్ళ పేరు ఈ పొద్దు పోతుందని నిజంగానే భయపడింది. బస్టాండు కాడి నెట్ సెంటరులో తెరిపిద్దామంటే, అక్కడ ఈ ఫాంటు లేక తెలుగు అక్షరాలు గవ్వలూ గీతలూ అయిపోతాయి.

ఇంకో పెండ్లివాళ్ళ ఫ్లాపీ పెట్టి చూసింది. అదే గరగర, అదే ప్రశ్న. అంటే జబ్బు ఫ్లాపీది కాదు, డ్రైవ్‌ది. ఫోన్ చేస్తే కర్నూలు మెకానిక్ రేపు వస్తానన్నాడు. ఆ రేపు ఏ వారంలో వస్తుందో ఆమెకు తెలుసు. బోరు మోటార్లు విప్పే వీరేషు ముందుకొచ్చి, కరెంటు తీసేసి, డబ్బా మూత విప్పాడు. లోపల చీకటి. టార్చి గోపన్న చేతికి వచ్చింది.

“అక్కా, టార్చి పట్టుకున్న పెద్దమనిషికి చెప్పు, నా మొగం మీద కాదు, పని మీద వెయ్యమని.”

“అక్కా, విప్పే ఆయప్పకు చెప్పు, ఆ తలకాయ తీస్తే పని కనబడతాదని.”

రెండు మాటలూ నాగరత్నమ్మ చెప్పాల్సి వచ్చింది, పక్కపక్కనే ఉన్న ఇద్దరికి.

డ్రైవ్ బయటికొచ్చింది. వీరేషు దాన్ని బోర్లించి దులిపాడు. బూడిద రాలింది. ఇంకోసారి దులిపితే సన్నటి వెదురు పుల్లలు రాలాయి. తర్వాత కుంకుమ కూడా.

“ఇది ఊదుకడ్డి పుల్ల గదక్కా! లోపలికి ఎట్ల వచ్చింది?”

అందరూ ఆమెనే చూశారు. రోజూ పొద్దున అంగడి తెరవగానే నాగరత్నమ్మ గల్లాపెట్టెకూ కంప్యూటరుకూ కుంకుమ పెట్టి, ఊదుబత్తి చూపి, ఆ ఫ్లాపీ సందులోనే గుచ్చి పెట్టేది. వేరే ఎక్కడ గుచ్చినా నిలబడేది కాదు మరి.

“సరస్వతి గదప్పా,” అంది నీళ్ళు నములుతూ. “ముందర పొగ లేకుండా ఎట్ల?”

బసవన్న పక్క మందులషాపు నుంచి స్పిరిటు, దూది తెచ్చాడు. వీరేషు డ్రైవ్ లోపల ఫ్లాపీని చదివే ముక్కు తుడిచి, మళ్ళీ బిగించి, కరెంటు ఇచ్చాడు. డ్రైవ్ మీది పచ్చ దీపం వెలిగింది. “సూడు, దీపం వచ్చింది!” అని మీసం దువ్వాడు. ఆ దీపం ఇక ఆరలేదు. ఫ్లాపీ పెట్టకముందే వెలిగి కూర్చుంది, పెట్టినా ఏమీ చదవలేదు. అది చదివేటప్పుడు మాత్రమే వెలగాలని నాగరత్నమ్మ మొత్తుకుంది.

గోపన్న టార్చి వేసి వంగి చూశాడు. “పట్టీ వైరు తిరగేసి పెట్టినావు రా. విప్పేటప్పుడు సూసినా, ఎర్రగీత అటు రావాల.”

“యా పక్కకు?”

“నా పక్కకు తిప్పు రా, సన్నోడా.”

వీరేషు కరెంటు తీసి, వైరు తిప్పి పెట్టాడు. తాము మాట్లాడుకున్నామని వాళ్ళకు తట్టలేదు. గిడ్డమ్మకు మాత్రం తట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాగరత్నమ్మ మిషన్ ఆన్ చేసింది.

ఈసారి దీపం వెలిగి, చదివి, ఆరింది. కార్డు తెర మీదికొచ్చింది. రెండు తలకాయలు ఒకేసారి వంగి ఢీకొన్నాయి. ఎడమన ఉన్నది వీరేషు పేరు.

“ఇది పుల్ల చేసిన పని!” గోపన్న టార్చి బల్ల మీద కొట్టాడు. “నేనే ఎడమ!”

“రాసింది కండ్లకు కనబడలేదా?”

“గట్టిగా సదువు అక్కా, పైనుంచి కిందికి,” అంది గిడ్డమ్మ. అప్పటిదాకా ఆమె పెదవి విప్పలేదు.

నాగరత్నమ్మ చదివింది. తాతలు, పెదనాన్నలు, బావలు, మేనమామలు, ఆఖరికి పెండ్లికొడుకు స్నేహితులు కూడా వచ్చారు. చదవడం అయిపోయింది.

“నా పేరు రాలేదే?” అంది గిడ్డమ్మ.

“మొదటి గీతలోనే ఉండాది గదమ్మా. ‘బసవన్న దంపతులు’ అని.”

“ఆయప్ప ఇంకొకదాన్ని కట్టుకున్నా అదే మాట సరిపోతాది గదక్కా. నేను గిడ్డమ్మను.”

ఇన్ని రోజులుగా ఇంతమంది వచ్చి చూసుకున్నారు, ఎవరి పేరు వాళ్ళు. పేర్ల వరసలో తనకు తిరుగులేదనుకున్న నాగరత్నమ్మకు ఆ పొద్దు నిజంగా సిగ్గేసింది. ఊదుబత్తి పుల్లలు రాలినప్పుడు కూడా ఇంత సిగ్గు వేయలేదు. మొదటి గీత చెరిపి, శ్రీమతి గిడ్డమ్మ అని పెద్ద అక్షరాల్లో కొట్టి, పక్కన బసవన్నను పెట్టింది. చదువు రాని గిడ్డమ్మ తన పేరు ఎక్కడుందో అడిగి, వేలు పెట్టి చూపించమంది.

“ఇంక వీళ్ళిద్దరినీ ఏం చేద్దునమ్మా?” అనడిగింది నాగరత్నమ్మ.

గిడ్డమ్మ అన్ననూ తమ్ముణ్ణీ మార్చి మార్చి చూసింది.

“ఎడమా కుడీ నీ ఇష్టమక్కా. ఇద్దరూ నా కింద ఉంటే సాలు.”