టీ గ్లాసు పెట్టిన వైపు

రేపల్లెలో భట్టిప్రోలు రోడ్డు మీదున్న శాలేమురాజు షెడ్డుకి బోర్డు లేదు. ముప్పై ఏళ్లుగా జనం దాన్ని చెవిరాజు షెడ్డు అంటున్నారు. బండి లోపలికి రాకముందే, చప్పుడు విని దాని రోగం చెప్పేవాడు. ఒకసారి తెనాలి బస్సు వెళ్తుంటే విని, "ఇది వేమూరు దాటదు" అన్నాడట. దాటలేదట. ఇందులో నిజమెంతో నాకు తెలియదు గాని, రేపల్లెలో ఇది అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతారు.

ఆ చెవులు పాడై రెండేళ్లయింది.

పూర్తిగా కాదు. లారీ హారన్ వినిపిస్తుంది, ఎదుటి మనిషి మాట వినిపిస్తుంది. సన్నని చప్పుళ్లే పోయాయి. ఆదివారం చర్చిలో డోలు వినిపించి తాళాలు వినిపించకపోతే, తాళాలు వాయించే జ్ఞానానందాన్ని గట్టిగా వాయించమని కోప్పడ్డాడు కూడా. రబ్బరు పైపుకి చిల్లు పడితే వచ్చే సన్నని బుస కూడా వినపడకపోయేసరికి భయం పట్టుకుంది. ఆ ఇంట్లో అన్నం పెడుతున్నది ఆ బుసే. డాక్టరు చెవికి మిషను పెట్టుకోమన్నాడు. "చెవిలో మిషను పెట్టుకున్న మెకానిక్కు దగ్గరికి బండి ఎవడు తెస్తాడు?" అని భార్య వరమ్మ మీద ఎగిరాడు. ఒక్కొక్కరి పరువు ఒక్కోచోట ఉంటుంది. ఇతనిది చెవుల్లో ఉంది.

ఉపాయం వరమ్మే కనిపెట్టింది. షెడ్డు వెనకే ఇల్లు. ఇంజిన్ స్టార్ట్ చేసి ఆయన దగ్గితే, ఆమె టీ గ్లాసుతో వస్తుంది. బానెట్ కింద ఒక్క క్షణం వంగుతుంది. లీకు ఎటువైపు ఉంటే గ్లాసు అటువైపు పెట్టి వెళ్తుంది. ఎక్కడా లేకపోతే గ్లాసు ఆయన చేతికిస్తుంది. రెండేళ్లలో ఒక్కరూ పసిగట్టలేదు. రాజుకి టీ పిచ్చి ముదిరిందని మాత్రం అనుకున్నారు.

మొన్న వానలప్పుడు తెనాలి నుంచి రైసుమిల్లు బసవేశ్వరరావుగారు తన పెద్ద కారు తెచ్చారు. హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ బండి. దాని ఇంజిన్‌కి రెండు టర్బోలు. నెమ్మదిగా పోయేటప్పుడు చిన్నది గాలి ఊదుతుంది, వేగం పెరిగాక పెద్దది అందుకుంటుంది. ఎప్పుడు ఏది పని చెయ్యాలో గాలి దారిలోని మూతలు తెరిచి, మూసి నడిపించేవి గాలి పీల్చే సన్నని వాక్యూమ్ పైపులు. కాలవ మీద చిన్న తలుపు, పెద్ద తలుపు నీళ్లు వదిలే లస్కరు వంతులవారీగా ఎత్తుతాడే, అలాంటి ఏర్పాటు.

"కొన్నప్పుడు గుర్రం రాజూ. ఇప్పుడు నెమ్మదిగా పోయినా, వేగం పెంచినా గేదె" అన్నారు బసవేశ్వరరావుగారు. "ఎలకలు పైపులు కొరికాయి. బాపట్లలో అన్నీ కొత్తవి వేయించా. కర్లపాలెం రాకముందే మొదలెట్టింది. తెనాలిలో చూపిస్తే, ఎక్కడో లీకుందంటారు, ఎక్కడంటే చెప్పరు. నువ్వు చెవి పెట్టు. నీ వల్ల కూడా కాకపోతే అమ్మేస్తా."

రిపేరుకొచ్చిన ఇద్దరు ఆటోవాళ్లు తమాషా చూడ్డానికి దగ్గరికి జరిగారు.

రాజు ఇంజిన్ స్టార్ట్ చేయించి వంగి విన్నాడు. దగ్గాడు. వరమ్మ టీ తెచ్చి బానెట్ కిందికి వంగబోయింది.

"ఏంటమ్మా, ఇంజిన్ మీద పడతావు? కొంగు బెల్టులో పడితే ఎవరిది పూచీ? టీ అక్కడ పెట్టి వెళ్లు" అని కసిరారు బసవేశ్వరరావుగారు.

వరమ్మ గ్లాసు స్టూలు మీద పెట్టి వెనక్కి తగ్గింది. స్టూలు కుడివైపూ కాదు, ఎడమవైపూ కాదు.

రాజు మళ్లీ వంగాడు. ఏమీ వినిపించలేదు. ఆ నిశ్శబ్దం ఇంజిన్‌దో, తన చెవులదో తెలియలేదు. ఏదో ఒకటి అనేస్తే ఈ పూట గడిచిపోతుంది. రెండు ఊళ్లలో రెండు షెడ్లవాళ్లు చేసిందదే. కాని ముప్పై ఏళ్లలో లేని చప్పుడు ఉందని రాజు చెప్పలేదు. గ్లాసు ముసుగులో రెండేళ్లుగా చెప్పినవి కూడా వరమ్మ విన్నవే.

నడుం నిటారు చేసి, చేతులు తుడుచుకున్నాడు.

"ఆవిడని రానివ్వండి. నాకు వినపడదు. రెండేళ్లయింది. ఆవిడే వినాలండి."

ఆటోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజు తల దించుకుని పక్కకి జరిగాడు. వరమ్మ మాత్రం కొంగు నడుముకి దోపుకుని ముందుకొచ్చింది.

"మీరు లోపల కూర్చుని యాక్సిలేటర్ తొక్కండి బాబుగారూ" అంది. ఆయన వెళ్లి కూర్చున్నారు.

మొదటిసారి ఆమె తీరిగ్గా వింది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పైపు పైపు దగ్గరా ఆగింది.

"ఎక్కడా లేదండి. పైపులన్నీ బాగున్నాయి."

"కచ్చితంగా?"

"కచ్చితంగా."

రాజుకి అంతే కావలసింది. పైపులు మంచివైతే, వాటిని తొడిగిన చోట్లే తప్పు. రెండు మూతలకీ వెళ్లే పైపులు ఊడదీసి, వాటి చివర బొటనవేళ్లు పెట్టాడు. ఇంజిన్ నెమ్మదిగా ఉన్నప్పుడు వేలిని పట్టి లాగాల్సిన పైపు వదిలేస్తోంది, వదలాల్సింది లాగుతోంది. వేగం పెంచితే అదే తలకిందులు. రెండూ ఒకే లావు, ఒకే నలుపు. కొత్తవి వేసినవాడు ఒకదాని చోట ఒకటి తొడిగాడు. మార్చి బిగించడానికి పది నిమిషాలు పట్టలేదు.

బసవేశ్వరరావుగారు భట్టిప్రోలు దాకా వెళ్లొచ్చారు. కారు దిగి, "గుర్రమే" అన్నారు. వరమ్మ వైపు తిరిగి, "ఇందాక తెలీక కసురుకున్నానమ్మా. బుధవారం మా మిల్లు లారీ పంపిస్తా. నువ్వుంటావుగా?" అన్నారు.

"ఎక్కడికి పోతానండి" అంది వరమ్మ.

సాయంత్రానికి ఆటోవాళ్లు ఊరంతా చాటేశారు. నాలుగు రోజులు రాజు పని చేసింది తక్కువ, రోడ్డు చూసింది ఎక్కువ. బండ్లు తగ్గాయో లేదో లెక్క కట్టే ధైర్యం కూడా లేకపోయింది.

బుధవారం లారీ వచ్చింది. స్టార్ట్ చేయించి, అలవాటు కొద్దీ రాజు దగ్గాడు. వరమ్మ ఉత్త చేతులతో వచ్చి ఇంజిన్ మీదికి వంగింది.

"టీ ఏది?" అన్నాడు రాజు.

"మీరే పెట్టుకోండి. నాకు పనుంది."