తువ్వాలు కింద పట్టుకున్న చెయ్యి

దయ్యాన్ని చూశానని ఎవరైనా చెబితే, అంతకుముందు ఏం తాగావని అడిగే రకం నేను. కళ్యాణదుర్గంలో ఇరవై ఏళ్ళుగా విత్తనాల అంగడి నడుపుతున్నాను. కంటికి కనిపించినదాన్ని, చేతికి తగిలినదాన్ని తప్ప ఇంకేదీ నమ్మే అలవాటు లేదు. నా చిక్కంతా అక్కడే వచ్చింది. ఇది చేతికి తగిలింది.

మా నాయన గొర్రెల సంతల్లో దళారి. సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ నిలబడ్డవాళ్ళకు ఏమీ తెలియదు. నేను ఆయన వెంట తిరిగిన రోజుల్లో మా ఇద్దరికే ఒక సైగ ఉండేది. చిటికెన వేలు రెండుసార్లు నొక్కి వెనక్కి వంచితే, ఈ బేరంలో మోసముంది, లేచిపో అని అర్థం. అది మా అమ్మకు కూడా తెలియదు.

నాయన కుడిచేతి చూపుడువేలు సగమే ఉండేది. నేను పుట్టకముందే చొప్ప కత్తిరించే మిషన్‌లో పడి తెగిపోయింది. తువ్వాలు కింద ఆ మొండివేలు తగిలితే చాలు, అవతల ఎవరున్నారో సంతలో అందరికీ తెలిసేది.

ఆయన పోయి ఆరేళ్ళయింది. అంతకుముందు వరసగా వానలు లేని ఏళ్ళలో మేపలేక ఉన్న మందంతా అమ్మేసి, ఆ డబ్బుతో నా భార్య సుశీలకు నాలుగు బంగారు గాజులు చేయించాడు. "గొర్రెలు పోయినా ఈ పాప చేతికి గుర్తుండాల" అని ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడు.

రెండేళ్ళ కింద ఒక విత్తనాల కంపెనీ, బాగా అమ్మిన డీలర్లను భార్యలతో సహా బ్యాంకాక్ తీసుకెళ్ళింది. పోకముందే ఫోన్‌లో అన్నీ చదువుకున్నాను. చెప్పిన ధరలో మూడోవంతుకు అడగాలి. మీటరు లేని బండి ఎక్కేముందే రేటు మాట్లాడుకోవాలి. దారిన పోయేవాడు చూపించిన అంగట్లో కొనకూడదు. మొదటి రెండు రోజులు కొబ్బరిబోండానికి కూడా బేరమాడాను. సుశీల తల పట్టుకుంది. తోటి డీలర్లు ఎక్కువ పెట్టి కొంటుంటే నాకు లోపల సంబరంగా ఉండేది, దాచడమెందుకు.

మూడో రోజు మాకు ఏ కార్యక్రమమూ లేదు. పొద్దున్నే ఇద్దరం ఒక పెద్ద గుడికి బయలుదేరాం. గేటుకు కొంచెం ఇవతల ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకడు మమ్మల్ని ఆపాడు. ప్రత్యేక పూజ ఉందట, మధ్యాహ్నం దాకా తెరవరట. అంతలోగా వేరే గుడి చూసి రమ్మని తనే ఆటో పిలిచాడు. ఆటోవాడు చెప్పిన రేటును పదోవంతుకు దించాను. కిమ్మనకుండా ఒప్పుకున్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి సంతలో ఎదురైతే మా నాయన అక్కడ నిలబడేవాడు కాదు. నేను మాత్రం మీసం తిప్పుకుని ఎక్కాను.

ఒక చిన్న గుడి చూపించి, నేరుగా నగల అంగడి ముందు ఆపాడు. లోపల ఏసీ చలి. నాయన సంతల్లో వాడిన తువ్వాలు నా మెడలో ఉంది, దాన్ని తీసి ఒళ్ళో కప్పుకున్నాను. నాకు ఎడమవైపు గోడ, కుడివైపు సుశీల, అద్దాల బల్లకు అవతల హిందీ మాట్లాడే యజమాని. కూల్‌డ్రింకులు వచ్చాయి. మా వెనక తలుపు మూసి, ఒకడు దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

యజమాని కెంపులు పరిచాడు. ఈ ఒక్కరోజే పన్ను లేదని, ఇండియాలో మూడింతలకు పోతాయని చెప్పాడు. కాలిక్యులేటర్ మీద అతను కొట్టిన అంకెను సగానికి దించాను. సరేనన్నాడు. మళ్ళీ గెలిచాననుకున్నాను. తీరా చూస్తే నా దగ్గరున్న డబ్బు చాలదు. అతని చూపు సుశీల చేతుల మీదికి పోయింది. తక్కువైనదానికి ఆ గాజులిస్తే చాలన్నాడు.

"ఇవి మామ చేపిచ్చినవి. నేను తియ్యను" అంది సుశీల.

"ఊరికి పోయినాక ఎనిమిది చేపిస్తా. ఈడ నా పరువు తియ్యొద్దు" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఆమె ఒక్కొక్కటే తీసి నా ఎడమచేతిలో పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అలవాటుకొద్దీ రెండు చేతులూ తువ్వాలు కిందికి పెట్టుకున్నాను.

అప్పుడు ఒక చెయ్యి నా కుడిచేతిని పట్టుకుంది.

వెచ్చగా, గరుకుగా ఉంది. సంతలో పట్టుకునే పట్టే. చిటికెన వేలు నొక్కింది. మళ్ళీ నొక్కింది. నొప్పి పుట్టేలా వెనక్కి వంచింది. సుశీల చేతులు రెండూ బల్ల మీదే ఉన్నాయి, ఖాళీ మణికట్టు రుద్దుకుంటోంది. యజమాని కాలిక్యులేటర్ పట్టుకుని ఉన్నాడు. తువ్వాలు ఎత్తి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

గాజులు ఎడమ పిడికిట్లో బిగించి, కళ్ళు మూసుకుని లేచాను. లేవగానే పట్టు వదిలింది. యజమాని గొంతు పెంచాడు. తలుపు దగ్గరివాడు కదల్లేదు. "జరుగప్పా, మేం పోవాల" అని తెలుగులోనే అన్నాను. నా ముఖంలో ఏం చూశాడో, జరిగాడు. బయట ఆటో లేదు. నడుచుకుంటూ వెనక్కి వస్తే పెద్దగుడి గేటు బార్లా తెరిచే ఉంది. పొద్దుటినుంచీ తెరిచే ఉందని టికెట్లిచ్చే ఆమె చెప్పింది.

మాతో వచ్చిన ఉరవకొండ డీలరు అలాంటి అంగట్లోనే కెంపులు కొన్నాడు. అనంతపురంలో చూపిస్తే రంగు గాజుముక్కలని తేలింది. నా చిటికెన వేలి వాపు తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది. సుశీలే బామ్ రాసింది. గాజులు ఆమె చేతికే ఉన్నాయి.

ఊరికొచ్చాక అమ్మకు చెప్పాను. వేరుశనక్కాయలు ఒలుస్తూ "మీ నాయనే" అంది. నేనూ అదే అనుకుందును, ఒక్క సంగతి లేకపోతే. ఆ చేతికి ఐదు వేళ్ళున్నాయి. చూపుడువేలు నిండుగా, చివర గోరుతో సహా నా అరచేతిలో ఆనింది.

ఆ మాట చెబితే అమ్మ తల కూడా ఎత్తలేదు. "పోయినోళ్ళకి ఇంగ కొరతేముంటాది రా" అంది.

అమ్మకు అది చాలింది. నాకు చాలడం లేదు. సైగ చూస్తే మా ఇద్దరిదే, వేలు చూస్తే ఆయనది కాదు. అది ఎవరి చెయ్యో ఇప్పటికీ చెప్పలేను. నాయనదే అయితే మాత్రం, ఆయన నిండువేలు నా చేతికి తగిలింది నా మొత్తం బతుకులో ఆ ఒక్కసారే.