చిన్నాయన కొన్న జపాను మిషను

ఇప్పుడు ఏ బండికి ఏ జబ్బు చేసినా లాప్‌టాప్ తగిలిస్తే చాలు, అదే తన బాధంతా ఏకరువు పెడుతుంది. రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో అయితే బండి బాధ చెప్పుకునేదే గానీ, ఏ భాషలో చెప్పుకుంటుందన్నది మన అదృష్టం. మా చిన్నాయన కొన్నది జపాను భాషలో చెప్పుకుంది.

చిన్నాయన పెద్దపంజాణి దగ్గర పల్లెలో వేరుశనగ పండిస్తూ, ఆవులు మేపుకుంటూ బతికే మనిషి. ఉన్నట్టుండి కుంటలు తవ్వే పని ఒప్పుకుని, మద్రాసు హార్బరులో దిగిన పాత ఎక్స్‌కవేటర్‌ను కొనుక్కొచ్చాడు. నేను మదనపల్లెలో డిప్లొమా ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను (అంటే మధ్యాహ్నం దాకా నిద్రపోతున్నాను) కాబట్టి మిషను ఆరోగ్యం నా పూచీ అయింది. వానలు దిగేలోపు కుంట పూర్తికావాలి. సగం తవ్వాక ఒక పొద్దున మిషను కూత పెట్టింది, ఎర్రలైటు వెలిగింది, సీటు ముందున్న చిన్న తెరమీద ఒక వరస జపాను అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. అక్కడినుంచి ఇంజను ఎంత తొక్కినా పుంజుకోలేదు. బకెట్టు పైకి లేవడానికి బాలింతరాలి కంటే ఎక్కువ సమయం తీసుకుంది.

“ఏం రాసుండాదిరా?” అని అడిగాడు చిన్నాయన. డిప్లొమాలో జపాను భాష లేదని చెబితే, మరి మూడేళ్లు ఏం చదివావని అడుగుతాడు. అందుకని గంభీరంగా ఇంజను మూత ఎత్తాను. గాలి ఫిల్టరు దులిపాను, డీజిల్ ఫిల్టరు మార్చాను, కనబడిన వైర్ల కనెక్షన్లు ఊడదీసి తుడిచి మళ్లీ పెట్టాను. స్టార్టు చేస్తే తెరమీద మొదటి వరస కింద రెండో వరస కూడా వచ్చి కూర్చుంది. చిన్నాయన ఆ రెండు వరసలనూ చాలాసేపు చూసి, “సదువుకున్నోడు సెయ్యిపెడితే ఇంగొకటి పుట్టిందే” అన్నాడు.

మదనపల్లెనుంచి వచ్చిన మెకానిక్కు ఇంజను విప్పదీయాల్సిందే అన్నాడు. విప్పితే ఆ ఏడు మళ్లీ బిగించేది కల్ల. చిన్నాయన అన్నం సరిగా తినడం మానేశాడు. అప్పుడే వెంకటగిరికోట సంతకు వెళ్లొచ్చిన మా పిన్ని ఒక కబురు తెచ్చింది: కుప్పం గ్రానైటు క్వారీకి రాళ్లు ఏరుకోవడానికి జపాను ఆయన ఒకాయన వచ్చి ఉన్నాడట. మిషన్ను కుప్పం తీసుకుపోలేం, ఆయన్ను కుంటలోకి తీసుకురాలేం. పుంగనూరునుంచి పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరును పిలిపించాం. చిన్నాయన (ఎందుకో ఇప్పటికీ తెలియదు) తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఫోటోగ్రాఫరు అలవాటు కొద్దీ ఆయన్ను తెర పక్కన కూర్చోబెట్టి, గడ్డం కొంచెం పైకెత్తమన్నాడు.

ఆ ఫోటో పట్టుకుని బస్సులో కుప్పం చేరాం. జపాను ఆయన తెల్లటోపీ పెట్టుకుని, రాతిమీద నీళ్లు చల్లి రంగు చూస్తున్నాడు. ఫోటోను రెండు చేతులా అందుకుని నడుము వంచి నమస్కరించాడు. చిన్నాయన అంతకంటే కిందికి వంగాడు. మర్యాదకు ఆయన మళ్లీ వంగాడు, చిన్నాయనా వంగాడు. పక్కనున్న మద్రాసు దుబాసీ దగ్గి ఆపకపోతే ఇద్దరూ సాయంత్రం దాకా అక్కడే వంగి లేచేవారేమో.

జపాను ఆయన మొదట చిన్నాయన ఫోటోలో బాగున్నాడన్నాడట. తర్వాత మొదటి వరస చదివి చెప్పాడు: ఇంజను నీళ్ల వేడి చెప్పే సెన్సరునుంచి కబురు రావడం లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంజను వేడెక్కిందని కాదు, వేడి ఎంతో తెలియడం లేదని మాత్రమే. తెలియక భయపడి మిషను తనంతట తానే నెమ్మదించింది. జబ్బు ఇంజనుది కాదు, దాని థర్మామీటరుది.

“మరి రెండో వరస?” అని నేనే అడిగాను (ఊరుకుని ఉండాల్సింది). జపాను ఆయన చదివి నవ్వు ఆపుకున్నాడు. దుబాసీ ఆపుకోలేదు. “గాలి సెన్సరు కనెక్షను ఎవరో పీకి సరిగా పెట్టలేదంట. యారప్పా, ఎవరది?” అన్నాడు. చిన్నాయన నావైపు తిరిగి, గడ్డం కొంచెం పైకెత్తి చూశాడు.

మర్నాడు పొద్దున ఆ కనెక్షను గట్టిగా నొక్కగానే టక్‌మని కూర్చుంది, రెండో వరస పోయింది. నీళ్ల సెన్సరు వైరు వెంట వేళ్లతో తడుముకుంటూ పోతే, ఇనుప పట్టీకి రాసుకుని రాసుకుని ఒకచోట తెగి ఉంది. అతికి, టేపు చుట్టి, పట్టీకి తగలకుండా కట్టాను. స్టార్టు చేస్తే తెర ఖాళీ. ఇంజను ఒక్కసారి గర్జించేసరికి గట్టుమీద ఆవులు చెల్లాచెదురయ్యాయి. చిన్నాయన కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు.

కుంట వానకు ముందే పూర్తయింది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకూ చిన్నాయన నన్ను చూపించి, “మా అన్నకొడుకు. కుప్పంలో జపానాయనతో గంటసేపు మాట్లాడినాడు” అని చెప్పేవాడు. నేను ఆయనతో అన్నది ‘థాంక్యూ సార్’ ఒక్కటే. అయినా కాదనకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, అవసరమైతే మళ్లీ మాట్లాడగలనన్నట్టు గట్టుమీద నిలబడేవాణ్ని. ఆ తర్వాత ఎన్ని మిషన్లు బాగుచేసినా, గట్టుమీద నిలబడ్డ ఆ కుర్రవాడు అనుభవించిన దర్జా మాత్రం నాకు మళ్లీ దక్కలేదు.