సున్నా కాని ఖాళీలు

కరీంనగర్ రోడ్డు మీద ముందు కోళ్ల దాణా లారీ పోతుంటే బస్సు కిటికీలోంచి ఒక వాసన వస్తుంది. మొక్కజొన్న పిండి, ఎండుచేప, గోనెసంచుల దుమ్ము కలిసిన వాసన. పక్కన కూర్చున్నవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను కిటికీ ఇంకొంచెం తెరుస్తాను. ఆ వాసన తగలగానే శామీర్‌పేట అవతలి మా పాత ఆఫీసు, మెట్ల పక్కన చిన్న గది, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో కంప్యూటర్ వైపు వంగి కూర్చున్న అనసూయ మేడమ్ గుర్తొస్తారు.

అది కోళ్లకు టీకాలు తయారుచేసే కంపెనీ. ఎమ్మెస్సీ గణితం పూర్తిచేసి, కుత్బుల్లాపూర్‌లోని మా కాలనీ నుంచి రెండు బస్సులు మారి మొదటి ఉద్యోగానికి అక్కడికే వెళ్లాను. మేడమ్ అక్కడి గణాంక విభాగానికి పెద్ద. వాళ్లది మేడ్చల్‌లో భూములున్న కుటుంబం. అన్నదమ్ములు ప్లాట్ల వ్యాపారంలోకి దిగితే ఆమె పట్టుబట్టి గణాంకశాస్త్రం చదివారు. ఇంట్లో కార్లున్నా స్కూటీ మీదే వచ్చేవారు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తల ముందైనా మేడ్చల్ మాటే మాట్లాడేవారు. ఆ మాటను దాచుకోవాల్సిన అవసరం లేదని నాకు తెలిసింది ఆమెను చూశాకే. అంతవరకు ఇంటర్వ్యూల్లో నేను మా కాలనీ యాస దాచి, గొంతు మార్చి మాట్లాడేదాన్ని.

టీకా వేశాక కోడిపిల్ల రక్తంలో రక్షణశక్తి ఎలా పెరుగుతుంది, ఎన్నాళ్లకు తగ్గుతుంది అనే సమీకరణాలను మేము ఒక గణిత సాఫ్ట్‌వేర్‌లో సాధించేవాళ్లం. అది నాకు బాగానే వచ్చు. కానీ రెండు టీకాల మధ్య కనిపించే తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని తేల్చడానికి గణాంకాల కోసం వాడే ఆర్ అనే కంప్యూటర్ భాష కావాలి. అదంటే నాకు భయం. గణిత సాఫ్ట్‌వేర్‌లోని పట్టికను దాచుకొని, ఆర్‌లో తెరిచి, వచ్చిన జవాబును మళ్లీ వెనక్కి ఎక్కించడం అందరి అలవాటు. మేడమ్‌కు అది నచ్చేది కాదు. గణిత సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే ఆర్‌ను పిలిచి పని చేయించుకునేలా ఆమె స్వయంగా ఒక ప్రోగ్రాం రాశారు. దాన్ని వంతెన అనేవారు.

"గీడ లెక్క, గాడ అంచనా. నడుమ మోసేటోళ్లం మనం. మోసేటప్పుడే ఒలుకుతది బిడ్డా" అన్నారు మొదటి వారంలో. కుర్చీ నా పక్కకు లాక్కొని కూర్చున్నారు. "ఆర్ అంటే పరేషాన్ గాకు. నీకు తెలిసిన ఇంట్ల కూసోనే దాన్ని పిలువు. వచ్చి పని జేసిపెట్టి పోతది."

అలా నాకు తెలిసిన తెర మీదే, ఒక్కో వరుస రాసుకుంటూ ఆ భాష నేర్చుకున్నాను. ఏదైనా తప్పు వస్తే ఆమె నా చేతిలోంచి మౌస్ తీసుకునేవారు కాదు. "ఏమంటాంది చదువు" అనేవారంతే. ఎర్ర అక్షరాల్లో వచ్చే తప్పు సందేశాన్ని తిట్టులా కాకుండా సమాచారంలా చదవడం అప్పుడే అలవాటైంది.

ఆ ఏడాది కంపెనీ, కోళ్లను మందలకు మందలే చంపే కొక్కెర తెగులుకు కొత్త టీకా తయారుచేసింది. పాత టీకాతో పోల్చి చూసే పరీక్ష లెక్కంతా మేడమ్ వంతెన మీదుగానే నడిచింది. కొత్తది చాలా మేలని తేలింది. ఆ మాట సమావేశంలో మేడమే చెప్పారు. డైరెక్టర్ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి మిఠాయి డబ్బాలు వచ్చాయి, బ్రోషర్లు అచ్చుకు వెళ్లాయి.

వారం గడిచాక, పరీక్ష ఫలితాన్ని బొమ్మగా గీయడం ఎలాగో నాకు చూపిస్తూ మేడమ్ ఒక్కో కోడిపిల్లను ఒక్కో చుక్కగా, దాని రక్షణశక్తి ఎంతుంటే అంత ఎత్తులో తెర మీద పెట్టించారు. కొత్త టీకా చుక్కలు అటూ ఇటూ చెదిరి ఉన్నాయి. పాత టీకా వైపు మాత్రం కొన్ని చుక్కలు కింద సున్నా గీత మీద బారులు తీరి కూర్చున్నాయి. మేడమ్ కళ్లద్దాలు పైకి తోసుకున్నారు.

"గిదేంది? ఒక్కటి గూడ గీత దాటి మీదికి లేస్తలేదు."

"వాటికి టీకా పట్టలేదేమో మేడమ్" అన్నాను.

"పట్టకపోయినా ఎంతో కొంత ఉంటది. గింత సక్కగ సున్నా ఎట్లయితది?"

ప్రయోగశాలకు ఫోన్ చేశారు. పాత టీకా వేసిన గుంపులో కొన్ని రక్తపు నమూనాలు ఫ్రిజ్ చెడి పాడయ్యాయనీ, వాటిని కొలవనేలేదనీ, అందుకే పట్టికలో ఆ గడులు ఖాళీగా వదిలేశామనీ వాళ్లు చెప్పారు. ఖాళీ గడి ఎదురైతే 'తెలియదు' అని ఆర్‌కు చెప్పాలి. వంతెన ఆ మాట చెప్పడం లేదు. ఖాళీల్లో సున్నాలు నింపి దాటిస్తోంది. ఆ సున్నాల వల్లే పాత టీకా అంత బలహీనంగా కనిపించింది. మేడమ్ వంతెన సరిచేసి లెక్క మళ్లీ నడిపారు. రెండు టీకాల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఏమీ మిగల్లేదు. ఆమె లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకొని, "నడువు" అన్నారు.

డైరెక్టర్ గారు అంతా విని తల పట్టుకున్నారు. "డీలర్లకు మాటిచ్చినం మేడమ్. బ్రోషర్లు అచ్చయినయి. కొత్త టీకాతోని నష్టమైతే లేదు గదా?"

"నష్టం లేదు సార్. కానీ మేలని జెప్పిన. గా మాట నిలువది."

"ఎవరు చేసిన్రీ తప్పు?" అంటూ ఆయన నా వైపు చూశారు. మేడమ్ అర అడుగు ముందుకు జరిగి మా ఇద్దరి మధ్య నిలబడ్డారు.

"గా వంతెన రాసింది నేను. పరీక్షించకుండ నమ్మింది నేను. గీ పిల్లకు సంబంధం లేదు."

బయటికి రాగానే వరండాలోనే తమ్ముడికి ఫోన్ చేశారు. మేడ్చల్ అవతల ఆయనకు కోళ్ల షెడ్లు ఉన్నాయి. అక్క మాట మీద నమ్మకంతో కొత్త టీకా వచ్చేదాకా కోడిపిల్లలకు వేయించకుండా ఆగారు. ఫోన్‌లో ఆయన అరుపు నాకూ వినిపించింది. "నువ్వే జెప్తివి గదక్కా!"

"జెప్పిన తమ్మీ. తప్పు జెప్పిన. ఇగ ఆగకు, జల్దీ పాతదే ఏయించు. నేనొస్తున్న."

స్కూటీ వెనక నన్నూ ఎక్కించుకొని వెళ్లారు. షెడ్డులో అడుగు పెట్టగానే పిల్లల కిచకిచలతో చెవులు నిండిపోయాయి. అక్కడి పనివాళ్లతో పాటు మేడమ్ కూడా ఒక్కో పిల్లను పట్టుకొని కంట్లో టీకా చుక్క వేయసాగారు. నాకూ ఒక పిల్లను అందించారు. అన్నాళ్లుగా కోడిపిల్లల లెక్కలు చేస్తున్నా వాటిని ముట్టుకోవడం అదే మొదటిసారి. వేలి కింద దాని గుండె దడదడా కొట్టుకోవడం తెలిసింది. తమ్ముడు మొదట్లో ముఖం తిప్పుకొని తిరిగినా, పని ముగిసేసరికి అక్కకు నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చారు. ఆ వేసవిలో చుట్టుపక్కల తెగులు వచ్చి కొన్ని షెడ్లు ఖాళీ అయ్యాయి. ఆయన షెడ్లు నిలబడ్డాయి.

ఆఫీసులో మాత్రం ఆ తప్పుకు మేడమ్ మూల్యం చెల్లించారు. కొత్త టీకా బాధ్యత ఇంకొకరికి ఇచ్చారు. అందరికీ వచ్చిన పదోన్నతి ఆమెకు రాలేదు. మళ్లీ పెట్టిన పరీక్షలో కూడా రెండు టీకాలూ సమానమేనని తేలి, కంపెనీ కొత్తదాన్ని పక్కన పెట్టింది. "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా మేడమ్, బాధగా లేదా?" అని ఒకరోజు భోజనాల దగ్గర అడిగాను. ఆమె టిఫిన్ డబ్బా మూత గట్టిగా నొక్కారు. "ఉంటది బిడ్డా, ఎందుకుండదు? నాలుగు దినాలు అన్నం గూడ సయించలే. కానీ గా లెక్క తప్పని నాకు తెలిసినంక, ఇగ దాన్ని మోసుకుంట తిరుగుడు నాతోని గాదు" అన్నారు. తను గొప్ప పని చేశానని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. బాధ లేదని అబద్ధమూ చెప్పలేదు. నాకు ఆమె మీద గౌరవం ఇంకా పెరిగింది ఆ మధ్యాహ్నమే.

ఆమె రిటైరై మేడ్చల్‌లోనే ఉంటున్నారు. మీ గురించి రాస్తానంటే, "నా గురించి రాసుడేంది, ఏం పని లేనట్టున్నది నీకు" అని నవ్వారు.

ఇప్పుడు నేను మరో కంపెనీలో గణాంక విభాగం చూస్తున్నాను. ఏ ఫలితం చూపించినా ముందుగా కొలవలేకపోయినవాటిని ఒక పేజీలో పెడతాను. ఎన్ని నమూనాలు పోయాయి, ఎందుకు పోయాయి, వాటి గురించి మాకేం తెలియదు అన్నది చెప్పాకే మిగతాది మొదలుపెడతాను. మొన్న ఒక సమావేశంలో మా కంపెనీ పెద్దాయన విసుగ్గా, "ఇది మొదటే పెడితే మన ఫలితం బలహీనంగా కనిపిస్తుంది కదమ్మా?" అన్నారు.

"కనిపించనియ్యుండ్రి సార్. అది గంతనే ఉన్నది" అన్నాను, మా కాలనీ మాటలోనే. తర్వాతి పేజీ తిప్పాను.