కాటుక కలిపిన నీలం

తొమ్మిదేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. దించే చోటు దొరకలేదు. అమ్మతో చెప్పబోయి, నోరు తెరిచి, మంచినీళ్ళు అడిగి వచ్చేశాను. గుడిలో కళ్ళు మూసుకుని కూడా ఆ మాటను తప్పించుకుని వేరేవి ఏవో కోరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలనేమో అనిపిస్తోంది. మా ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. మిగిలిందంతా జరిగింది జరిగినట్టే.

భయంగా ఉంది. అది కూడా ముందే చెప్పేస్తే మంచిది. ఇది రాస్తుంటే వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. చెయ్యి ఆగిపోయింది.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్ళో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. నాన్న మా బడిలోనే లెక్కల మాస్టారు. ఆ ఏడు మా తరగతి ఆడపిల్లలందరికీ బడిలో సైకిళ్ళు ఇచ్చారు. అన్నీ ఒకటే రంగు, ముదురు నీలం. నేను నాది రోజూ పాత గుడ్డతో తుడిచి వసారాలో పెట్టుకునేదాన్ని. నా స్నేహితురాలు గౌరి సైకిలుకి అంత భోగం లేదు. వాళ్ళది పక్క ఊరు, కొద్దిపాటి వ్యవసాయం. తను బడి నుంచి ఇంటికి చేరగానే వాళ్ళ నాన్న ఆ సైకిలు మీదే గడ్డిమోపులు వేసుకొచ్చేవాడు. ఆరు నెలలు తిరక్కుండానే దాని ఫ్రేము మీద అక్కడక్కడా రంగు లేచిపోయి తుప్పు కనిపించేది. "నా సైకిలుకి అమ్మోరు పోసింది" అని నవ్వేది గౌరి.

బడి నుంచి రైలుగేటు దాకా ఇద్దరం కలిసి వచ్చేవాళ్ళం. గేటు దాటగానే ఆమె ఎడమ వైపు మట్టిరోడ్డు పట్టేది. నేను తిన్నగా వెళ్ళేదాన్ని. నా దారి బాగా పల్లం. పెడల్ తొక్కక్కర్లేదు, బ్రేకు వదిలేస్తే చాలు, సైకిలు తనంతట తనే దూసుకుపోయేది. వద్దని నాన్న చాలాసార్లు చెప్పారు. గౌరి వెళ్ళిపోయాక చూసేవాళ్ళెవరూ ఉండరు కదా అని నేను రోజూ బ్రేకు వదిలేసేదాన్ని.

ఆ శనివారం సాయంత్రం కూడా వదిలేశాను. ఎండ ఏటవాలుగా పడుతోంది. పల్లం సగం దిగాక, చేను గట్టు మీంచి సూరమ్మ రోడ్డు మీదకి వచ్చింది. ఆవిడ మా ఊరి ముసలావిడే. నెత్తి మీద గడ్డిమోపు. మోపు అడ్డంగా ఉండటంతో నేను రావడం ఆవిడ చూడలేదు. నేను చూశాను. బెల్లు కొట్టాలని తోచలేదు. బ్రేకు పట్టేసరికే ఆలస్యం అయిపోయింది.

ఆవిడ రాళ్ళ మీద పడింది. నేను అటుపక్క పడ్డాను. నా సైకిలు వెళ్ళి మైలురాయికి గుద్దుకుంది.

లేచి చూశాను. ఆవిడ కాలు ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. అరవలేదు. ఎండ కళ్ళలో పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని నా వైపు చూస్తూ, "ఓలమ్మో... ఎవులే గుంటా నువ్వు?" అంది. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. తిట్టు కాదది. సాయానికి పిలుపు.

నేను సైకిలు లేపుకుని పారిపోయాను.

ఎందుకు పారిపోయాను? చిన్నపిల్లని, భయపడ్డాను అని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం కాదది. కానీ నిజమంతా అది కాదు. పారిపోతూ నేను ఆలోచించింది ఆవిడ కాలు గురించి కాదు, నాన్న ముఖం గురించి. ఊరందరి ఎదుట నాన్న తలవంచుకుని నిలబడటం గురించి. రోడ్డు మీద పడి ఉన్న మనిషి కంటే నాన్న పరువు నాకు దగ్గరగా కనిపించింది. మనుషులు కనిపించేదాకా ఆవిడ అక్కడ ఎంతసేపు పడి ఉందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఎవరినీ అడిగే ధైర్యం లేకపోయింది.

ఇంటికి వచ్చాక చూసుకున్నాను. సైకిలు ఫ్రేములో ముందు చక్రం వైపు దిగే గొట్టం మీద, బొటనవేలి గోరంత మేర రంగు లేచిపోయి తెల్లటి ఇనుము బయటపడింది. చీకటి పడేలోపే ఊరంతా తెలిసిపోయింది. సూరమ్మని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారట. తుంటి ఎముక విరిగిందట. ముఖం చూడలేదట గానీ, గుద్దింది ఆడపిల్లేనని, బడి సైకిలేనని చెప్పిందట. మైలురాయికి నీలం రంగు పెచ్చు అంటుకుని ఉందట.

మర్నాడు ఆదివారం. అమ్మ పొందూరులో పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. నాన్న ఆసుపత్రికి, సూరమ్మని చూడటానికే వెళ్ళారు. నేను పెరట్లో సైకిలు పడుకోబెట్టి ముందు కూర్చున్నాను. కిటికీలకి వేయగా మిగిలిన నీలం పెయింటు డబ్బాలో అడుగున కొంచెం ఉంది. లేత నీలం. సైకిలుది ముదురు. ఏం కలిపితే ముదురవుతుంది? ఇల్లంతా వెతికి, చివరికి నా కాటుక డబ్బా తీశాను. కొంచెం కొంచెంగా కలిపాను. అగ్గిపుల్లతో ఇటుక మీద గీసి చూసుకున్నాను, ఇంకొంచెం కలిపాను. ఉప్పు కాగితంతో దెబ్బ అంచులు నున్నగా రుద్ది, అగ్గిపుల్లకి దూది చుట్టి పూత వేశాను. ఆరాక ఇంకో పూత. చెయ్యి వణకలేదు. అదే నన్ను ఇప్పుడు ఎక్కువ భయపెడుతుంది. చక్కగా, బొమ్మకి రంగు వేసినంత శ్రద్ధగా వేశాను.

కానీ కొత్త రంగు మెరిసింది. చుట్టూ ఉన్న పాత నీలం మధ్య ఆ ముక్క ఒక్కటే తళతళలాడింది. అప్పుడు గుప్పెడు మెత్తటి మట్టి తీసి దాని మీద చల్లి, వేలితో మెల్లగా అద్దాను.

భయపడి పారిపోవడం ఒక క్షణంలో జరిగిపోయింది. రంగు వేయడం కూడా భయమే అనుకోండి. మట్టి చల్లడాన్ని ఏమనాలి? పట్టుకోవడానికి వచ్చే మనిషి కళ్ళతో నా సైకిలుని చూసి, ఆ కళ్ళని ఎలా మోసం చెయ్యాలో ఆలోచించి చేసిన పని అది. నేను ఏం చేస్తున్నానో నాకు బాగా తెలుసు.

సోమవారం పొద్దున్నే సూరమ్మ కొడుకు అప్పలనాయుడు మరో నలుగురితో బడికి వచ్చాడు. కాగితంలో ఆ రంగు పెచ్చు మడిచి తెచ్చాడు. హెడ్‌మాస్టరు తొమ్మిదో తరగతి ఆడపిల్లలందరినీ ఎవరి సైకిలు పక్కన వాళ్ళని నిలబెట్టారు. "మీరు చూడండి మాస్టారూ, మీ మాటంటే వీళ్ళకి గురి" అని నాన్నకి చెప్పారు.

నాన్న ఒక్కొక్క సైకిలు దగ్గరా కూర్చుని ఫ్రేము తడిమి చూస్తూ వచ్చారు. పెయింటు వదిలించడానికి రుద్దుకున్న కిరసనాయిలు వాసన నా వేళ్ళలోంచి నాకు వస్తోంది. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా పోలేదు. పక్కన నిలబడ్డ పిల్లకి కూడా వస్తోందేమో అని పిడికిళ్ళు బిగించుకున్నాను. నాన్న నా సైకిలు దగ్గరికి వచ్చారు. కూర్చున్నారు. చెయ్యి గొట్టం మీదుగా కిందికి జారి, ఆ చోట ఆగింది.

కాటుకలో నూనె ఉంటుంది. అది కలిపితే పెయింటు పూర్తిగా ఆరదని నాకు ఆ తర్వాత తెలిసింది.

నాన్న వేలు అక్కడ ఎంతసేపు ఆగిందో చెప్పలేను. ఆయన తలెత్తలేదు. జేబులోంచి రుమాలు తీసి వేలు తుడుచుకుని, లేచి, తర్వాతి సైకిలు దగ్గరికి వెళ్ళిపోయారు.

తర్వాతి సైకిలు గౌరిది.

దానికి ఒక దెబ్బ కాదు, నాలుగున్నాయి. అందులో ఒకటి అదే గొట్టం మీద. అప్పలనాయుడు వంగి, కాగితంలోని పెచ్చు దాని పక్కన పెట్టి చూసి, "ఇదే" అన్నాడు. అన్ని సైకిళ్ళదీ ఒకటే నీలం కదా. నాన్న ఏమీ అనలేదు.

"నాను కాదు బాబూ! నాను గేటు కాడ ఎడమకి తిరిగిపోనాను" అంది గౌరి. ఎవరూ నమ్మినట్టు కనిపించకపోయేసరికి గబుక్కున నా వైపు తిరిగింది. ఆ ముఖంలో అప్పటికింకా భయం లేదు. నేనున్నానన్న ధైర్యం ఉంది.

"నువ్వు సెప్పే. గేటు పడిపోతే ఇద్దరం నిలబడ్డాం కదేటి. గూడ్సు బండి పెట్టెలు లెక్కెట్టాం కదే. నాను ఎడమకి తిరగడం నువ్వు సూసినావు కదా!"

హెడ్‌మాస్టరు నా వైపు చూశారు. "అవునామ్మా?"

అవునంటే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మరి నువ్వు ఎటు వెళ్ళావు?

"నాకు గుర్తు లేదు సార్" అన్నాను.

యాభై ఎనిమిది పెట్టెలు. గౌరి యాభై ఏడంది, నేను యాభై ఎనిమిదన్నాను. అంత గుర్తుంది.

"ఏటే అలగంటావు?" అంది గౌరి. మెల్లగా అంది.  ఆ తర్వాత ఎప్పుడూ నన్ను నిలదీయలేదు. నిజంగానే మర్చిపోయాననుకుందో, ఏమనుకుందో.

పోలీసుల దాకా వద్దనుకున్నారు ఊరి పెద్దలు. అప్పలనాయుడు లారీ మీద వారాల తరబడి ఊళ్ళు తిరుగుతాడు. సూరమ్మకి ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆవిడ లేచి తిరిగేదాకా గౌరి పొద్దునా సాయంత్రం వెళ్ళి నీళ్ళు తోడాలి, వంట చెయ్యాలి, కనిపెట్టుకుని ఉండాలి. అదీ తీర్పు. గౌరి సైకిలు వాళ్ళ నాన్నే మూల పడేశాడు. ఆ పిల్ల రెండూళ్ళ మధ్య నడిచి తిరిగేది. పొద్దున బడికి ఆలస్యంగా వచ్చేది, సాయంత్రం ముందే వెళ్ళిపోయేది, తర్వాత రావడమే తగ్గిపోయింది. సూరమ్మ కర్ర పట్టుకుని గుమ్మం దాకా రావడానికి ఏడాది పైనే పట్టింది. అంతకు మించి ఎప్పుడూ నడవలేదు. పదో తరగతి పరీక్షల్లో గౌరి తప్పింది. మళ్ళీ రాయలేదు. నాకు బడి ఫస్టు వచ్చింది.

నాన్న సంగతి కూడా చెప్పాలి. ఆ సోమవారం సాయంత్రం ఆయన రుమాలు బట్టల బుట్టలో కనిపించింది. మూల నీలం మరక. అమ్మ చూడకముందే నేనే ఉతికాను. మరక పూర్తిగా పోలేదు. నాన్న మళ్ళీ ఆ రుమాలు వాడలేదు, అది ఏమైందని అడగలేదు. ఆ తర్వాత క్లాసులో నన్ను బోర్డు దగ్గరికి పిలవడం మానేశారు. అంతే. ఒక్క మాట లేదు. తెలుసా ఆయనకి? తెలిసి నన్ను కాపాడారా, లేక తన వేలిని తనే నమ్మలేదా? ఇప్పుడు రిటైరయ్యారు. సెలవుకి వెళ్తే ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని భోంచేస్తాం. ఆయన చెయ్యి అన్నం కలుపుతుంటే చూడలేను. ఈ రోజు అడుగుతారేమోనని ప్రతిసారీ భయపడతాను. అడగకుండానే పోతారేమోనని ఇంకా ఎక్కువ భయపడతాను.

ఇవన్నీ ఇన్నేళ్ళూ దాచినదాన్ని ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, కిందటి నెల ఆమదాలవలస స్టేషన్లో గౌరి కనిపించింది. నేను విజయనగరంలో ఒక ల్యాబులో పని చేస్తున్నాను, అటు తిరిగి వెళ్తున్నాను. తనే నన్ను గుర్తుపట్టింది. చంకలో కూతురు. "ఒలే, బాగున్నావేటే! ఎంత సిక్కిపోనావే" అంటూ చెయ్యి పట్టుకుంది. ఆ చేతి గట్టిదనం నాకు తెలిసింది. బెంచీ మీద కూర్చున్నాం. సూరమ్మ పోయిందని చెప్పింది. పోయి ఆరు నెలలైందట. పెళ్ళై వేరే ఊరు వెళ్ళినా, పండక్కో పబ్బానికో వచ్చినప్పుడల్లా ఆవిడని చూసి వెళ్ళేదట.

"ఆకర్ని నాను ఎళ్తే మంచం మీద లెగలేకపోయింది. నా సెయ్యి ఒగ్గలేదు" అంది గౌరి. "'పోన్లే అమ్మా, సిన్నప్పుడు తెలీక సేసినావు. నిన్నెప్పుడో సెమించీసినాను, మనసులో ఎట్టుకోకు' అంది. నాను కాదు మామ్మా అందామనుకున్నాను. ఎన్నిసార్లని సెప్తాను? ముసల్దానికి అదే నెమ్మదిగా ఉంటాదని 'సర్లే మామ్మా' అనీసినాను."

నవ్వుతూ చెప్పింది. కూతురికి బిస్కట్టు విరిచి పెడుతూ చెప్పింది.

 సూరమ్మ క్షమించింది. క్షమించి వెళ్ళిపోయింది. అది నా కోసమే, కానీ ఆవిడ గౌరి చేతిలో పెట్టింది. శిక్షతో పాటు క్షమ కూడా నేను గౌరి మీదకే తోసేశాను. ఇక దాన్ని ఎవరిని అడగను? గౌరినా? ఏ మొహంతో? ఆ క్షణం చెప్పి ఉండాల్సింది. "గౌరీ" అన్నాను కూడా. తను "ఏటే?" అంటూ తలెత్తింది. నా రైలు వచ్చింది. మళ్ళీ పారిపోయాను.

తను నా ఫోన్ నంబరు తీసుకుంది. రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మూడోసారి చేస్తే ఎత్తి చెప్తానో లేదో మీకు మాట ఇవ్వలేను. నా మాటకి ఎంత విలువుందో మీరిప్పుడు చూశారు కదా. చెప్తే నాన్న ఏమవుతారో, గౌరి ఏమంటుందో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు.

తొమ్మిదేళ్ళలో నేను ఒక్కసారి కూడా, నాలో నేను కూడా, ఈ వాక్యం పూర్తిగా అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను. సూరమ్మని పడేసింది గౌరి కాదు. నేను.

రాశాను. భయం ఇంకా పోలేదు. కానీ రాశాను.