మొదటి నవ్వు ఆయనకే

బిట్రగుంటలో మా పాత పక్కింటి గార్డు గారు మొన్న ఆదివారం పోయారు. చర్చికి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుందామని కుర్చీలో కూర్చున్నారట. మళ్ళీ లేవలేదట. కోవూరులో నేను ఇడ్లీలు దించుతుంటే ఫోన్ వచ్చింది. స్టవ్ ఆపేశాను. ఏడుపు రాలేదు. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి చెప్పకుండా ఉండిపోయానే అన్నదొక్కటే బుర్రలో తిరిగింది.

ఆయన గూడ్సు బండ్ల మీద గార్డుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక ఒంటరిగా ఉండేవారు. ఒక్కతే కూతురు, గూడూరులో. మేం ఆయన పక్క వాటాలో అద్దెకుండేవాళ్ళం. మా ఆయనకు కావలిలో బట్టల షాపులో పని. పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. కాన్పయ్యాక కొన్నాళ్ళు తోడున్న మా అమ్మ, నాన్నకు ఒంట్లో బాగాలేదని కబురొస్తే వెళ్ళిపోయింది.

అప్పుడు నాకేమైందో నాకే తెలియదు. పాపకు పాలిచ్చేదాన్ని, గుడ్డలు మార్చేదాన్ని. కానీ దాని మొహంలోకి చూడలేకపోయేదాన్ని. నోట్లోంచి ఒక్క ముద్దు మాట వచ్చేది కాదు. అది ఫ్యాను వంక చూస్తూ పడుకునేది, నేను గోడ వంక.

టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ మామూలుగానే చెప్పింది. "బొమ్మలేమీ కొననక్కర్లేదమ్మా. ఎత్తుకో, కళ్ళలోకి చూడు, కబుర్లు చెప్పు. అది ఊ అంటే నువ్వూ ఊ అను. ఈ వయసులో మెదడు ఎదిగేది వాటితోనే." ఇంటికొచ్చి వరండాలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆమె చెప్పినవన్నీ సరిగ్గా నా చేతకానివే.

"ఏందమ్మా, ఎందుకేడస్తుండావు?" అంటూ గార్డు గారు గోడ దగ్గరికొచ్చారు. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. "నా వల్ల కావట్లేదండీ. నా బిడ్డ మొద్దయిపోతుందేమో."

ఆయన నా ఒళ్ళో ఉన్న పాప వంక చూశారు. "నీకు బాగయ్యేదాకా నేను మాట్లాడతాలే. వేరే పనేముంది నాకు?" అన్నారు.

మర్నాటి నుంచి పాలప్యాకెట్టు తెచ్చుకోగానే సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చేవారు. పాపను ఒళ్ళో ఎదురుగా పెట్టుకుని, మొహం దగ్గరగా వంచి, ఆ రోజు వంకాయ పుచ్చుగా ఉన్న సంగతి, బకెట్టు కారుతున్న సంగతి, పెద్ద మనిషితో చెప్పినట్టే చెప్పేవారు. చెప్పి ఆగేవారు. అది కాళ్ళాడించి ఏదో శబ్దం చేసేదాకా కదిలేవారు కాదు. "దాని వంతు దానికియ్యాల గదమ్మా" అనేవారు నాతో. అది మొహం తిప్పుకుంటే మాత్రం వెంటనే మాట ఆపేసేవారు. "అలిసిపోయినాది. ఇంక చాలంట."

నా సంగతి కూడా ఆయనే పట్టించుకున్నారు. మా ఆయన్ని పిలిచి, "ముందు తల్లిని చూపించయ్యా. ఇది సోమరితనం కాదు, జబ్బు" అన్నారు. ఆ మాటతోనే మందులు మొదలయ్యాయి.

ఒక పొద్దున మంచినీళ్ళకని లేచి తలుపు దాకా వచ్చాను. వరండాలో ఆయన పాపకు ఏదో చెబుతున్నారు. పాప ఆయన కళ్ళలోకి చూసి నోరంతా తెరిచి నవ్వింది. మొదటి నవ్వు. అప్పుడు నాలో పుట్టింది సంతోషం కాదు, కడుపుమంట. ఆయన తల తిప్పి నన్ను చూశారు. నేను అప్పుడే వచ్చాననుకున్నారు.

"నవ్విందా?" అన్నాను.

"ఇంకా లేదమ్మా. నీకోసం దాచిపెట్టుకోనుండాది" అన్నారు.

మందులు పనిచేయడం మొదలయ్యాక, ఒకరోజు గుడ్డ మారుస్తూ "ఏమే" అన్నాను, ఊరికే. పాప నా మొహంలోకి చూసి నవ్వింది. "గార్డు గారూ!" అని కేకేశాను. అంట్లు తోముకుంటున్న తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చారు. "నవ్వినాదా? మొదటిసారి తల్లికే నవ్వినాదా!" అని వీధంతా చెప్పుకున్నారు. నేను తలూపుతూ నిలబడ్డాను. నేను చూశానండీ, ఆ మొదటి నవ్వు మీకేనండీ అని ఆ రోజు అనలేదు. పాపకు నాలుగో ఏట కోవూరుకు మారిపోయేప్పుడూ అనలేదు.

పాపను తీసుకుని బిట్రగుంట వెళ్ళాను. సమాధి చేసి ఆయన ఇంటికి వచ్చాక వాళ్ళ కూతురు నన్ను పలకరించింది. "పాప వాళ్ళమ్మవి నువ్వేనా? నాన్న ఫోన్ చేస్తే పాప కబుర్లేనమ్మా. నా చిన్నప్పుడు ఎప్పుడూ డ్యూటీనే. ఇంటికొస్తే నిద్ర. నన్నెత్తుకొని మాట్లాడింది నాకు గుర్తే లేదు. 'నీకు చెయ్యలేనిది ఈ బిడ్డకి చేస్తుండా తల్లీ' అన్నాడు ఒకసారి."

ఆమెకు రావలసినదేదో నేను తీసుకున్నట్టనిపించి తలెత్తలేకపోయాను. ఆ నవ్వు సంగతి ఆమెకే చెప్పేశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలో కూర్చుంది.

"ఆ మాట నాన్నకే చెప్పుండాల్సింది నువ్వు" అంది. కోపంగా కాదు. అందుకే ఇంకా తగిలింది.

తర్వాత పాపను దగ్గరికి పిలిచింది. "తాత నీకేం చెప్పేవాడు?" అనడిగింది. పాపకు ఇప్పుడు మాటలు ఆగవు. గుర్తున్నవీ, కల్పించినవీ కలిపి చెప్పుకుపోతోంది. లోపలి నుంచి భోజనానికి పిలిచారు. ఆమె లేవలేదు. వరండాలో ఎండ ఆమె పాదాల మీదికి పాకింది. కాళ్ళు వెనక్కి తీసుకోవడం కూడా మరిచిపోయి, ఆమె పాప మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.